నలభై రెండో స్టెప్

సోమవారం ఉదయం టీచరమ్మ చేతికి నూట అరవై మూడు పేజీల గైడ్ వచ్చింది. ఆవిడ ఏ బడిలోనూ ఏనాడూ పాఠం చెప్పలేదు. ప్రోగ్రామర్లు రాసినదాన్ని మామూలు మనుషులు చదవగలిగేలా దిద్దడం ఆవిడ ఉద్యోగం. ఎదుటివాడు డైరెక్టరైనా సరే, వాక్యం కుంటితే వదిలిపెట్టదు గనక ఆ పేరు పడింది. పదకొండేళ్ళుగా అదే పిలుపు కావడంతో, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే తన వెనక ఇంకెవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూసుకుంటుంది.

ఆ కంపెనీ బస్సు టికెట్లు అమ్మే వెబ్‌సైటు నడుపుతుంది. సైటు ఏ ఫ్రేమ్‌వర్క్ మీద నిలబడి ఉందో, దాన్ని తయారుచేసినవాళ్ళే చేతులెత్తేసి మూడేళ్ళయింది. ఫ్రేమ్‌వర్క్ అంటే ఇంటికి దూలాలూ స్తంభాలూ లాంటిది. గోడలకు రంగు ఎవరైనా మారుస్తారు. అద్దెకున్నవాళ్ళు లోపల వంట చేసుకుంటూ ఉండగానే దూలాలు మార్చాలంటే మాత్రం ఆ ఇల్లు తెలిసినవాడు కావాలి. ఆ తెలిసినవాడు బాబాయి. యాభై ఆరేళ్ళ మనిషి. సైటును మొదటి అక్షరం నుంచి రాసినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. మేనేజరు మొదలుకొని గేటు దగ్గరి కాపలా మనిషి దాకా అందరికీ ఆయన బాబాయే. పాత ఫ్రేమ్‌వర్క్ నుంచి కొత్తదానికి సైటును ఎలా మార్చాలో రెండు వందల పన్నెండు స్టెప్పులుగా గైడ్ రాసింది ఆయనే. రాసింది ఆయనే గాని చేసేది ఆయన కాదు. ఆ పని బయటినుంచి కాంట్రాక్టు మీద వచ్చిన టీముకు అప్పజెప్పారు.

"గురువారం ట్రయల్, టీచరమ్మగారూ," అన్నాడు మేనేజరు. ముప్పై నాలుగేళ్ళవాడు. నోటికంటే ముందు చెయ్యి కదులుతుంది. "గైడు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుండాలి. కథలొద్దు, కబుర్లొద్దు. ఈ పని చెయ్యండి, ఆ తర్వాత ఈ పని చెయ్యండి, అంతే."

"సందేహాలొస్తే బాబాయిగారిని అడగనా?"

"అస్సలు అడక్కండి. పరీక్షే అది కదా. ట్రయల్ రోజున ఆయన కూడా గదిలోనే కూర్చుంటారు, నోరు మాత్రం విప్పకూడదు. కాంట్రాక్టు వాళ్ళూ అడక్కూడదు. ఏం కావాలన్నా గైడులోనే దొరకాలి. మనిషితో పని పడిందంటే గైడు ఫెయిలైనట్టే."

మనిషితో పని పడకూడదన్న ఆ మాట ఆవిడకు గుచ్చుకుంది. ఆ ఉదయమే బాబాయి బల్లను కిటికీ పక్కనుంచి తీసి ప్రింటరు పక్కన వేశారు. కాంట్రాక్టు టీముకు వెలుతురు కావాలట. ఆయన తన కీబోర్డు, కళ్ళద్దాల పెట్టె, మూత లేని పెన్నుల డబ్బా రెండు విడతలుగా మోసుకుని వెళ్ళాడు. ఒక్కరు లేచి చెయ్యి వెయ్యలేదు. ఆవిడా లేవలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాం, వీళ్ళు దాటకముందే తగలేస్తున్నారు అనుకుంది. మార్పిడి అయ్యాక ఆయన ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అన్నది ఈ గైడు మీదే ఆధారపడి ఉందని ఆఫీసంతటికీ తెలుసు. ఆవిడ లెక్క ఆవిడకు ఉంది. ఇంత పెద్ద పనిని ఇంత చక్కగా కాగితం మీద పెట్టిన మనిషిని ఏ కంపెనీ వదులుకుంటుంది? గైడు బాగుండాలి, బాబాయి నిలబడాలి. ఆ పట్టుదలతోనే పెన్సిలు చెక్కుకుంది.

ఆవిడ పని పద్ధతి పాతది. మొత్తం ప్రింటు తీసి, స్కేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదువుతుంది. మొదటి విడతలో అక్కర్లేని మాటలు పోతాయి. రెండో విడతలో ఒకే మాట రెండు చోట్ల ఉంటే ఒకటి పోతుంది. మూడో విడతలో నంబర్లు సరిచేస్తుంది. బాబాయి రాత ఆయన మాటలాగే ఉంది. 'ఇక్కడ ఎర్రగా ఒక ఎర్రర్ వస్తుంది, రానివ్వండి, దాని మానాన అదే పోతుంది.' 'కంగారు పడకండి.' 'ఈ ఫైలు పేరు చూసి నవ్వకండి, అప్పట్లో మాకు అంతే తెలుసు.' ఆవిడ నవ్వింది. నవ్వి కొట్టేసింది. కంగారు పడకండి అన్నదాన్ని కొట్టేటప్పుడు మాత్రం కాసేపు పెన్సిలు ఆపింది.

బాబాయికి ఇంకో అలవాటుంది. ఒకచోట రాసింది కాపీ చేసి ఇంకోచోట అతికించి, దిద్దడం మర్చిపోతాడు. పదిహేడో స్టెప్ రెండుసార్లు ఉంది. ముప్పయ్యోది మూడుసార్లు. అలాంటివి మంగళవారం మధ్యాహ్నానికి తొమ్మిది ఏరేసింది. అప్పుడొచ్చింది నలభై ఒకటి: 'పాత సెషన్ల పట్టికను ఖాళీ చేసే కమాండ్ నడపండి.' దాని కింద నలభై రెండు: 'పాత సెషన్ల పట్టికను ఖాళీ చేసే కమాండ్ నడపండి.' అక్షరం పొల్లు పోలేదు. సెషన్ అంటే సైటులోకి వచ్చి, టికెట్ పనిలో ఉన్న ఒక్కో మనిషికీ సైటు తెరిచి పెట్టుకునే రికార్డు. పట్టిక ఒకసారి ఖాళీ చేశాక మళ్ళీ ఖాళీ చేసేదేముంది? చెత్తబుట్ట రెండుసార్లు బోర్లిస్తే రెండోసారి ఏం రాలుతుంది? స్కేలు పెట్టి నలభై రెండు మీద గీత లాగింది.

ప్రింటరు దగ్గరికి కాగితాల కోసం వెళ్తే బాబాయి తలెత్తాడు.

"ఎందాకా వచ్చిందమ్మా?"

"నలభై దాటానండి."

"నలభై దాటావా," అని ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఏదో అడుగుతుందేమోనని ఆగినట్టుంది. అడగకూడదన్న షరతు ఉంది. షరతు లేకపోయినా, ఒకే మాట రెండుసార్లు పడితే దాన్ని పట్టుకుని అడగడానికి ఆవిడకు పరువు అడ్డొచ్చేది. కాగితాలు తీసుకుని వచ్చేసింది.

గురువారం అద్దాల గదిలో ట్రయల్. సైటుకు నకలు ఒకటి తయారు చేశారు. ఏం జరిగినా నకలుకే జరుగుతుంది, ఏ ప్రయాణికుడికీ నష్టం లేదు. కాంట్రాక్టు టీము నాయకురాలు ఒక్కో స్టెప్పూ పైకి చదువుతోంది, ఆమె మనుషులు ఇద్దరు చేస్తున్నారు. బాబాయి మూల కుర్చీలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చున్నాడు. నిశ్శబ్దంగా కూర్చోవడానికి జీతం తీసుకోవడం ఇదే మొదటిసారని పొద్దున తానే జోకు వేశాడు. నాయకురాలు నలభై ఒకటి చదివింది. కమాండు నడిచింది. ఆమె నలభై రెండు అని లాగిన్ పేజీ సంగతి మొదలెట్టింది. బాబాయి కళ్ళు తెరిచాడు. కుడిచెయ్యి మోకాలి మీంచి జానెడు లేచింది, రెండు వేళ్ళు విచ్చుకున్నాయి. నేరుగా టీచరమ్మ వైపు చూశాడు. దాహమేస్తోంది కాబోలు, మాట్లాడకూడదు గనక సైగ చేస్తున్నాడనుకుని ఆవిడ నీళ్ళ సీసా ఆయన వైపు జరిపింది. ఆయన సీసాను చూశాడు, ఆవిడను చూశాడు, చెయ్యి మళ్ళీ మోకాలి మీద పెట్టుకున్నాడు. కాసేపాగి సీసా అందుకుని రెండు గుక్కలు తాగాడు.

మధ్యాహ్నానికి మార్పిడి పూర్తయింది. టికెట్లు కొని చూడటానికి పన్నెండుమందిని కూర్చోబెట్టారు. అయిదు నిమిషాల్లో ఒకే బస్సులో పద్నాలుగో సీటు ముగ్గురికి అమ్ముడైంది. ముగ్గురికీ శుభప్రయాణం అని సందేశం కూడా వచ్చింది. ఎవరో నవ్వారు. మేనేజరు నవ్వలేదు.

"ఇరవై రెండేళ్ళ అనుభవం," అన్నాడు టీచరమ్మను వరండాలోకి పిలిచి. "ఒక్క గైడు సరిగ్గా రాయలేకపోయారు. మీరెంత దిద్దితే మాత్రం ఏం లాభం! ఇక ఆయన సంగతి పైవాళ్ళతో మాట్లాడాల్సిందే."

ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి బాబాయి అసలు ప్రతి తెరిచింది. ఆయన లేపిన రెండు వేళ్ళూ గుర్తుకొచ్చాయి. నలభై ఒకటి. నలభై రెండు. తన ప్రింటు మీద స్కేలు పెట్టి గీసిన గీత నల్లగా, తిన్నగా ఉంది. సాయంత్రం దాకా తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. ప్రింటరు వైపు చూడలేదు. చూసి ఉంటే బాబాయి కుర్చీ చుట్టూ మేనేజరూ, కాంట్రాక్టు నాయకురాలూ, మరో ఇద్దరూ నిలబడి ఉండటం కనిపించేది.

ఇంట్లో భర్త మర్నాటికి చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ అంతా విన్నాడు. "నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. మంచివాడే, భార్య మాట పడకూడదని ఆయన బాధ. అత్తగారు మాత్రం కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆసుపత్రి వార్డులో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఇప్పటికీ ఇంట్లో మందుల డబ్బా ఆవిడ చెప్పినట్టే సర్దాలి.

"వాడి మాట వినకు. మా వార్డులో ఇలాంటివి బోలెడు చూశాను," అంది. "ఎవరో చేసినదాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దడానికి ఒక్క పూట చాలు. అది దింపుకోవడానికి వాళ్ళకు ఏళ్ళు పట్టేది. రేపు పొద్దున్నే చెప్పెయ్. ఆలస్యమయ్యేకొద్దీ నోరు పెగలదు."

"నా ఉద్యోగం పోతే?"

"పోతే చూసుకుందాం. ముందు అన్నం తిను."

శుక్రవారం మీటింగులో మేనేజరు నోరు తెరవకముందే టీచరమ్మ చెయ్యెత్తింది. "నలభై రెండో స్టెప్ బాబాయిగారు రాశారు. రెండోసారి పొరపాటున పడిందనుకుని నేనే తీసేశాను. నిన్నటి తప్పు ఆయనది కాదు, నాది." గదిలో కుర్చీలు కదిలాయి. బాబాయి తలుపు దగ్గర నిలబడి తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

మేనేజరు మొహం విచ్చుకుంది. "అంటే ఒక్క లైనేనా?" చెయ్యి గాల్లోకి లేచింది. "ఒక్క లైను! నేనింకా గైడంతా తప్పుల తడక అనుకుని రాత్రంతా నిద్రపోలేదు. బాబాయిని ఇంకో ఏడాది కాంట్రాక్టు టీము పక్కనే కూర్చోబెట్టుకుందాం, వేరే గతి లేదని నిన్న సాయంత్రమే పైవాళ్ళను ఒప్పించాను. ఇక అక్కర్లేదు. ఆ లైను పెట్టెయ్యండి. సోమవారం మళ్ళీ ట్రయల్." అని బాబాయి వైపు తిరిగి, "ఏమీ అనుకోకండి బాబాయిగారూ," అన్నాడు. మళ్ళీ ఇటు తిరిగాడు. "టీచరమ్మగారూ, నిజాయితీ మెచ్చుకోవాల్సిందే. కాని సోమవారం ఇంకేదైనా తేడా వస్తే మాత్రం మీ పేరే పైకి పోతుంది. నేను ఆపలేను."

మిగతా మీటింగులో ఏం మాట్లాడారో ఆవిడకు ఎక్కలేదు. ఆయనను నిలబెడుతున్నాననుకుంటూ ఆయన కూర్చున్న కొమ్మనే నరికేసింది. అదీ అందరి ముందూ, చెయ్యెత్తి మరీ.

బాబాయి క్యాంటీన్‌లో ఒక్కడే టీ తాగుతున్నాడు. ఆవిడ ఎదురుగా కూర్చుంది. ఆయనే మొదలెట్టాడు.

"ఎందుకు చెప్పావమ్మా? ఊరుకుంటే పోయేదిగా."

"మిమ్మల్ని తిడుతున్నారు, బాబాయిగారూ."

"తిట్టినవాళ్ళే పిలుస్తారు. మూడు నెలలుగా నా దగ్గరికి ఒక్కడు రాలేదు. నిన్న సాయంత్రం నలుగురు నిలబడ్డారు నా కుర్చీ చుట్టూ. గైడు పనిచేస్తే నేను ఇంటికే అని పోయిన నెలలోనే ఉత్తరం ఇచ్చారు నాకు. చెయ్యకపోతేనే ఉంటాను."

ఆవిడ చేతులు బల్ల మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అయితే ఆ స్టెప్ రెండుసార్లు ఎందుకు నడపాలో మీరు కావాలనే రాయలేదా?"

ఆయన టీ గ్లాసు గుండ్రంగా తిప్పాడు. "కావాలనే. మొదటిసారి ఖాళీ చేస్తే, సగం బుకింగులో ఉన్నవాళ్ళ రికార్డుల్ని పాత సైటు వెనక్కి తెచ్చిపెడుతుంది. జనం టికెట్లు పోకుండా అలా నేనే రాశాను, పద్దెనిమిదేళ్ళ కిందట. ఒక్కసారే తెస్తుంది. రెండోసారి నడిపితే అవీ పోతాయి. అవి మిగిలిపోతే కొత్త సైటు లెక్క తప్పి ఒకే సీటు ఇద్దరు ముగ్గురికి అమ్మేస్తుంది. ఈ ముక్క రాస్తే ఇక నన్నెవడు అడుగుతాడు? మొత్తం స్టెప్పే ఎత్తేసే పాడుబుద్ధి నాకు లేదు. చెయ్యాల్సింది రాశాను, ఎందుకో దాచుకున్నాను. ఎక్కడో ఒకచోట తడబడి వస్తారులే అనుకున్నాను."

"నిన్న గదిలో మీకు వెంటనే తెలిసింది."

"తెలిసింది. మాట్లాడకూడదన్నది రూలు. రూలు లేకపోయినా మాట్లాడేవాణ్ణి కాదేమో. చెయ్యి లేచింది గాని, నువ్వు నీళ్ళిచ్చావు. హమ్మయ్య అనుకుని తాగేశాను."

ఆవిడకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా, కాని నిలవలేదు. రెండు విడతలుగా సామాను మోసుకుని వెళ్ళిన మనిషి దాచుకున్నదల్లా కొన్ని కారణాలే.

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయండి?"

"పదకొండు," అన్నాడు. క్యాంటీన్ మనిషి వచ్చి పక్క బల్ల తుడిచి వెళ్ళాడు. "వాటిల్లో నువ్వెన్ని కొట్టేశావో, ఎన్ని కలిపేశావో నాకు తెలీదు. సోమవారం ఒకటి పేలిందంటే నీ పేరే పోతుంది పైకి. విన్నానుగా." గ్లాసు ఖాళీ చేసి లేచాడు. "ఇరవై రెండేళ్ళలో మీటింగులో నిలబడి నా తప్పని నేను ఒక్కసారి అనలేదమ్మా. నీ మెడ మీద కాలు పెట్టి నేను ఇక్కడ కూర్చోలేను. పద, కాగితాలు తీసుకో."

"మిమ్మల్ని అడక్కూడదన్నారు కదా."

"నువ్వడగలేదుగా. నేనే చెప్తున్నాను."

ప్రింటరు పక్కన రెండు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఆయన చెబుతుంటే ఆవిడ పెన్సిలుతో రాసుకుంది. ఒక్కో కారణం చెప్పడం, ఒక వేలు ముడవడం. ఈ ఫైలు ముందు పేరు మార్చి తర్వాత ఎందుకు కదపాలో, ఆ సర్వరును ఎందుకు చివర్లో ఆపాలో, ఏ ఎర్రర్‌ను చూసీ చూడనట్టు వదిలెయ్యాలో. మొదటి రెండూ నసుగుతూ చెప్పాడు. మూడోదాని నుంచి ఊపొచ్చింది. నాలుగోదానికి కాగితం లాక్కుని బొమ్మ వేశాడు. అందరూ మర్చిపోయిన తన పనిని ఒక మనిషికి విడమరిచి చెప్పడంలో ఉన్న సంతోషం ఆయన మొహంలో దాగలేదు. ఆయన కొంపకు తాను చేస్తున్నదేమిటో తెలిసి, ఆ సంతోషం చూస్తూ రాసుకోవడం ఆవిడకు కష్టంగానే ఉంది. అయినా ఒక్క మాట వదలకుండా రాసుకుంది. పదకొండోదానికి ముడవడానికి వేలు లేక బల్ల మీద ఒక తట్టు తట్టాడు. ఆఫీసు మూసేవేళకు పని అయింది. శని, ఆదివారాలు ఆవిడ ఇంట్లో కూర్చుని అన్నీ గైడులో ఎక్కించింది.

సోమవారం ట్రయల్‌లో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. నాయకురాలు చదివింది, మనుషులు చేశారు. 'ఎందుకంటే' అని మొదలయ్యే వాక్యం వచ్చినప్పుడల్లా ఆమె తనలో తాను తలాడించింది. బాబాయి మూల కుర్చీలో కళ్ళు మూసుకోకుండా కూర్చున్నాడు. మధ్యాహ్నం పద్నాలుగో సీటు ఒక్కరికే అమ్ముడైంది. రెండో మనిషికి ఖాళీ లేదని వచ్చింది. గదిలో చప్పట్లు కొట్టారు.

"గైడంటే ఇదీ, టీచరమ్మగారూ!" అన్నాడు మేనేజరు. "ఏకలవ్యుడు కూడా నేర్చుకోవచ్చు దీన్ని పట్టుకుని."

మూడు గంటలకు బాబాయిని గదిలోకి పిలిచాడు. పది నిమిషాల్లో ఆయన బయటికొచ్చాడు. ఉద్యోగం నెలాఖరు దాకానే. ఆ మాట ఆయన చెప్పకముందే ఆఫీసంతా పాకింది. అందరూ కంప్యూటర్లలోకి తలలు దూర్చారు. టీచరమ్మ మాత్రం లేచి ప్రింటరు దగ్గరికి వెళ్ళింది. ఆయన కొత్త గైడు ప్రింటు తీసుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, చివరి పేజీల్లో ఎక్కడో చదువుతున్నాడు.

"బాబాయిగారూ, నా వల్లే..."

"కూర్చో. నూట ఎనభై ఏడు చూడు. సర్వర్లు మార్చాక రెండు నిమిషాలు ఆగండి అని ఉంది. నేను మూడని చెప్పాను."

ఆవిడ పెన్సిలు రాత తెచ్చి చూసింది. మూడే. ఎక్కించేటప్పుడు తన చెయ్యే జారింది.

"మరి పొద్దున రెండు నిమిషాలతోనే అయింది కదండీ?"

"ఇవాళ సైటు మీద పన్నెండుమందే ఉన్నారు. రెండు చాలింది. అసలు రోజున వేలమంది ఉంటారు, చాలదు. సైటు పడిపోతుంది. ఎందుకు పడిందో వీళ్ళకు వారం రోజులైనా తెలీదు."

ఆవిడ ఆయన వైపు చూసింది. అప్పుడు వీళ్ళు ఎవరికి ఫోను చేస్తారో, ఏమని బతిమాలుకుంటారో ఇద్దరికీ తెలుసు. "మీరు చూడనట్టు ఊరుకుంటే..." అంది.

"చూశాను కదమ్మా," అన్నాడు బాబాయి.

ఆవిడ కాగితం మీద రెండు కొట్టేసి మూడు వేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగి అంకె అలికినట్టు కనబడింది.

"కాగితం మీద దిద్దితే ఎవరు చూస్తారు? సిస్టమ్‌లో మార్చు," అన్నాడాయన.

ఆవిడ తన బల్ల దగ్గరికి వెళ్ళి మార్చింది. ఆయన వెనకే వచ్చి నిలబడి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఆ వాక్యం మొదటినుంచీ చివరిదాకా ఒకసారి చదివాడు. సరిపోయిందన్నాడు.